వెన్న తాగే కరెంటు

టేపు పట్టుకొని వచ్చే మనిషిని పాల్మాకుల ఊరి పెంటయ్య ఎన్నడూ నమ్మలేదు. అందుకు ఆయనకు కారణం ఉంది. విమానాశ్రయం కట్టకముందు ఆ దిక్కుకు మొదట వచ్చింది టేపే. ఇద్దరు మనుషులు తొండుపల్లిలో ఆయన బావమరిది పొలం గట్టు మీద నిలబడి కొలిచారు, సున్నంతో గీత కొట్టారు, "ఊరికే కొలుస్తున్నాం పెద్దాయనా" అన్నారు. ఆ పొలం మళ్ళీ దున్నలేదు. ఇప్పటికీ తల మీది నుంచి విమానం పోతే ఊళ్ళో పిల్లలు పైకి చూస్తారు. పెంటయ్య మాత్రం తన గట్ల వైపు చూసుకుంటాడు.

అలాంటి మనిషి, 2013లో ఎండలు మండుతున్న ఒక రోజున, పాల కేంద్రం డాబా మీద ఒక ఆడపిల్ల టేపు పరచడం కింది నుంచి చూశాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్లెక్కాడు.

"ఎవరు బిడ్డా నువ్వు? ఎవర్నడిగి కొలుస్తున్నవ్?"

"నమస్కారమండీ. నా పేరు అనుపమ. సోలార్ కంపెనీ నుంచి వచ్చాను. మీ పాల యూనియన్ వాళ్ళే పంపించారు. ఇక్కడ పలకలు పెడితే కరెంటు పోయినా మీ మిషన్లు ఆగవండీ."

"ఈ డాబా ఎవరిదో ఎరుకేనా?"

"సొసైటీదే కదండీ?"

"ఆ సొసైటీ ఎవరు పెట్టిన్రు?"

ఆ పిల్ల జవాబు వెతుక్కునే అవసరం రాలేదు. పెంటయ్య తనే చెప్పాడు. రాజయ్య పంతులు దగ్గర అయిదో తరగతి చదివి, ఇరవయ్యో ఎక్కం వరకు తిరగేసి కూడా చెప్పగలిగింది ఆ తరగతిలో తానొక్కడే. బెంగుళూరు రోడ్డు మీద ఊరి కాడ బస్సు ఆగుతున్నదంటే అది తాను డిపో మెట్లు అరగదొక్కినందుకే. మంచినీళ్ళ పైపు తెచ్చింది తానే, వాగు మీద కల్వర్టు పోయించింది తానే. పాల సొసైటీని తన ఇంటి పంచలో ఒక తక్కెడతో, ఒక లాంతరుతో మొదలుపెట్టాడు, ఇప్పటికీ దానికి ప్రెసిడెంటు తానే. శుభ్రమైన పాలు పోసే ఊరని జిల్లాలో శాలువా కప్పించుకొని వచ్చాడు. ఆ ఫోటో కింద గోడకే ఉంది, దిగి పోయేటప్పుడు చూసిపొమ్మన్నాడు. చేసిన పనులు చెప్పుకుంటే తప్పేముంది? చేయనివాళ్ళే ఊరు నిండా చెప్పుకుంటున్న రోజులాయె.

అయితే పలకలు ఎందుకు కావలసి వచ్చాయో పెంటయ్యకు తెలియక కాదు. ఆ ఏళ్ళలో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున ఒక్కో రోజు ఒక గంట ఉండేది. సాయంత్రం పాలు పోసే వేళకు మాత్రం కచ్చితంగా పోయేది. పాలకు ధర కట్టేది అందులోని వెన్న శాతాన్ని బట్టి, ఆ వెన్న ఎంత ఉందో చూసే మిషన్ కరెంటు లేకపోతే ఉత్త డబ్బానే. అందుకని పాలు పరీక్షించే శ్రావణ్‌కుమార్ మిషన్ నడవని పూట పాత అంకెనే వేసేవాడు. అది అందరికీ తెలుసు, ఎవరికీ పేచీ లేదు. పేచీ ఊళ్ళ పాలు తీసుకొని చల్లబరిచే చిల్లింగ్ సెంటర్ వాళ్ళకు వచ్చింది. మీ ఊరు చెప్పినంత వెన్న మీ క్యాన్లలో లేదు, రెండు పూటలా మిషన్ మీద చూసి పంపండి, లేదంటే మా లారీ మీ ఊరికి రాదు అని కబురు పెట్టారు. లారీ రాకపోతే కేంద్రం లేదు. కేంద్రం లేకపోతే పెంటయ్య లేడు. ఆయన లెక్క అంతే.

"పలకలు పెట్టొద్దని నేననను," అన్నాడు చివరకు. "కాని ఒక్క మాట. మేము బర్రెను ఎట్ల కొంటమో ఎరుకేనా బిడ్డా?"

"తెలియదండీ."

"అంగట్ల పొదుగు చూసి కొనం. అమ్మేటోడు ముందటి పూట పాలు పిండకుండ నిలుపుతడు. పొదుగు కుండ లెక్క కనవడతది. అందుకని అమ్మేటోని కొట్టానికే పోయి, మూడు పూటలు మా చేతులతోని మేమే పిండుకుంటం. అప్పుడే పగ్గం పట్టుకుంటం. నీ పలకల్ని గూడ గట్లనే పిండాలె."

"అంటే నన్నేం చేయమంటారు?"

"బ్యాటరీ పట్నంల నింపుకొని రావద్దు. ఊరి కరెంటు తీగ పీకేద్దాం. మూడు పూటలు మిషన్, కాంటా, లైట్లు అన్నీ నీ ఎండ మీదనే నడవాలె. నడిస్తే సంతకం."

అనుపమ పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేసింది. పెంటయ్యకు ఆ ఫోన్ మీద కూడా అనుమానమే. కానీ ఆ పిల్ల తిరిగి వచ్చి, "మా సార్ ఒప్పుకున్నారండీ," అంది.

అన్న మాట ప్రకారమే ఖాళీ బ్యాటరీని తెచ్చి, ఊళ్ళోనే ఎండకు నింపింది. ఆ మూడు పూటలూ పెంటయ్య బ్యాటరీ పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

"ఏంది బావా, ఈనే బర్రెకు కావలి ఉన్నట్టు కూసున్నవ్?" అంది భారతమ్మ. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. మూడు బర్రెల పాలు పోస్తుంది, మొగుడి పేరు మీది సభ్యత్వాన్ని కొట్లాడి తన పేరు మీదికి మార్పించుకుంది. వరసకు పెంటయ్యకు మరదలవుతుంది, అందుకే ఆయన మీద నోరు పారేసుకునే హక్కు ఊళ్ళో ఆమెకే ఎక్కువ.

"నువ్వు పాలు పొయ్యే. మిగిలింది నేను చూసుకుంట," అన్నాడు పెంటయ్య.

మిషన్ ఆగలేదు. లైటు మినుకు మినుకుమనలేదు. పెంటయ్య సంతకం పెట్టాడు. కొబ్బరికాయ కూడా కొట్టాడు.

ఆ తర్వాత వానలు పడ్డాయి.

మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. రెండో వారం నుంచి కేంద్రం ముందర గొణుగుడు మొదలైంది. ఏడున్నర వచ్చే బర్రె పాలకు ఆరు వస్తున్నది. ఎనిమిది వచ్చేవాళ్ళకు ఆరున్నర. ఒకరికి కాదు, ఇద్దరికి కాదు, ఊరందరికీ పడిపోయింది. పలకలు రాకముందు బాగున్న వెన్న పలకలు వచ్చినాక ఎటు పోయింది? ఎవరన్నారో మొదట తెలియదు గాని, ఒక మాట పుట్టింది. ఎండ కరెంటు వెన్న తాగుతుందట. ఎండకు వెన్న కరుగుతుంది గదా, మరి ఎండలో పుట్టిన కరెంటు పాలలోకి పోతే వెన్న ఉంటుందా? విన్నవాళ్ళకు ఆ మాట నిజమే అనిపించింది.

రోడ్డు మీద ప్రైవేటు డెయిరీ వ్యాను ఒకటి ఆగడం మొదలుపెట్టింది. "మాకు మిషన్లతో పనిలేదమ్మా, పాలు చూస్తేనే తెలుస్తది," అనేవాడు అందులో మనిషి. ఒక్కొక్కరే అటు తిరిగారు. కేంద్రంలో నిండే క్యాన్లు సగానికి పడిపోయాయి. లారీ డ్రైవర్ క్యాన్లు ఎత్తుకుంటూ, "ఇన్ని పాలకు ఇంత దూరం ఎందుకని మా సార్లు అంటున్రు పెసిడెంట్ సాబ్. ఈ వారం చూస్తరట," అని చెప్పి పోయాడు.

పెంటయ్యకు అన్నం సహించలేదు. ఎవర్ని అనుమానించాలో కూడా ఆయనకు అర్థం కాలేదు, అందరూ అనుమానించదగ్గవాళ్ళుగానే కనిపించారు. అనుపమను పిలిపించాడు. ఆమె వచ్చి, తీగలు పట్టి, మీటరు పెట్టి చూసింది.

"కరెంటు సరిగ్గానే వస్తోందండీ. లైను కరెంటైనా, సోలారైనా మిషన్‌కు ఒకటే."

"మరి వెన్న ఎందుకు పడిపోయింది?"

"పాల సంగతి నాకు తెలియదు పెంటయ్య గారూ. నాకు తెలిసింది పలకల వరకే."

తెలియదు అని ఒప్పుకున్న మనిషిని ఇంకేమని అనుమానిస్తాడు? టీ తాగించి పంపించాడు. ఆ టీ తాగించడమే ఊళ్ళో మరో మాటైంది. సాయంత్రం పాలు పోసే వేళకు భారతమ్మ తన క్యానును నేల మీద పెట్టి, మూత తీయకుండా నిలబడింది.

"బావా, ఒక్కటడుగుత, కోపానికి రాకు. పలకల కంపెనీ నీకేమిచ్చింది?"

వెనుక వరుసలో వాళ్ళు ముందుకు జరిగారు.

"నోరు మంచిగ పెట్టు భారతమ్మా!"

"నా నోరు మంచిగనే ఉన్నది. నా వెన్న యాడికి పోయిందో అడుగుతున్న. టేపు పట్టుకొని వచ్చిన పిల్లకు నువ్వు టీలు తాపవడితివి. తొండుపల్లిల నీ బావమరిది భూమి పోయిన నాడు టేపును తిట్టిన నోరు గాదా ఇది?"

"పలకల్ని మూడు పూటలు చూసినంకనే గద సంతకం పెట్టిన!"

"నువ్వు చూసినవ్. నువ్వు పిండుకున్నవ్, నువ్వు పగ్గం పట్టినవ్. పాలు మావి గదా, మాకెవరు పిండి చూపెట్టిన్రు? నీకైతే మూడు పూటలు, మాకైతే ఉత్త మాటనా?"

వెనుక ఉన్న ఆడవాళ్ళు అవునవునన్నారు. పెంటయ్య మిషన్ వైపు, తరువాత భారతమ్మ మూత తీయని క్యాను వైపు చూశాడు.

"సరే," అన్నాడు. "రేపు పొద్దుగాల నా బర్రె పాలే ముందుగాల మిషన్ మీద పెడుదాం. ఊరి కరెంటు మీద ఒకపారి, ఎండ కరెంటు మీద ఒకపారి. మూడు పూటలు. అందరు చూడున్రి. ఎండ కరెంటు వెన్న తాగుతే, పలకల్ని నా చేతులతోనే పీకేస్త."

లారీ పోయాక శ్రావణ్‌కుమార్ క్యాన్లు కడుగుతూ కడుగుతూ ఆయన దగ్గరకు వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పెంటయ్యను పెద్దరికానికి బాపు అని పిలిచేవాడు, ఎన్నడూ ఒక మాట ఎక్కువ మాట్లాడనివాడు.

"బాపు, రేపటి సంగతి. నీ పాలకు తక్కువొస్తే మంచిగుండది. నేను చూసుకుంట తియ్యి."

"ఏం చూసుకుంటవు?"

"మిషన్‌ను జర అటూ ఇటూ తిప్పితే వస్తది. ఇగ ఇంత కాలం గూడ... కరెంటు లేని పూట నీ పాలకు నేను కొంచెం కలిపే చెప్పేటోన్ని. పలకలొచ్చినంక గూడ నీ లెక్క తగ్గనియ్యలే. పెద్దమనిషివి, నువ్వు పెట్టిన సొసైటీ. నీకే తక్కువ చెప్తే ఏం బాగుంటది?"

ఊళ్ళో అందరి పాల కంటే తన బర్రె పాలు చిక్కనివని ఆయన ఎంతమందికి చెప్పాడు! మేపే చేతిలో ఉంటుంది అని చెప్పాడు. పెళ్ళిళ్ళలో చెప్పాడు, పంచాయితీల్లో చెప్పాడు.

"నిన్నెవడు కలపమన్నడ్రా?"

"ఎవరనలే బాపు. మర్యాద గదా అని."

ఇల్లు చేరేదాకా పెంటయ్య ఆలోచన రెండు వైపులా లాగింది. శ్రావణ్ చెయ్యి పెడితే తన అంకె నిలబడుతుంది. ఎండ కరెంటు మీద కూడా ఎనిమిది వస్తే పలకల మీది నింద పోతుంది, లారీ ఆగదు, కేంద్రం ఉంటుంది. చెయ్యి పెట్టకపోతే? అంకె పడిపోతే? పెసిడెంటు పాలల్లో నీళ్ళు పోస్తాడని విమానాశ్రయం దాకా పాకుతుంది. అరవై తొమ్మిదేళ్ళ బతుకులో సంపాదించిన పేరు ఒక్క పూటలో పోతుంది.

కానీ పెంటయ్య అనుమానపు మనిషి కదా. ఆ అనుమానాన్ని ఒక్కసారి తన మీదికే తిప్పుకొని చూశాడు. భారతమ్మ స్థానంలో తానుంటే? ఊరందరికీ ఆరు వచ్చి, పెసిడెంటుకు ఎనిమిది వస్తే తాను నమ్ముతాడా? నమ్మడు. చచ్చినా నమ్మడు. పాలు ఎవరు పిండారు, ఎవరు తెచ్చారు, మిషన్ మీట ఎవరు నొక్కారు అని అడుగుతాడు. దారిలోనే వెనక్కి తిరిగి భారతమ్మ ఇంటి ముందర నిలబడ్డాడు.

"భారతమ్మా! పొద్దుగాల నా బర్రెను నువ్వే వచ్చి పిండు. పాలు నువ్వే మొయ్యి. మిషన్ మీట గూడ నువ్వే నొక్కు. శ్రావణ్‌గాడు దూరం నిలబడతడు."

భారతమ్మ గడప మీదికి వచ్చి ఆయనను పైనుంచి కిందికి చూసింది. "ఇందుల ఏం మతలబు ఉన్నది బావా?"

"ఉన్నదేమో. వచ్చి నువ్వే ఎతుక్కో."

పొద్దున భారతమ్మ కూర్చుంటే బర్రె చేపలేదు, పొదుగులోంచి పాలు విడవలేదు. కొత్త చెయ్యి తగిలేసరికి కాలు జాడించింది, తోకతో మొఖం మీద కొట్టింది. పెంటయ్య భార్య సత్తెమ్మ తొట్టి దగ్గర నిలబడి దాని గంగడోలు నిమురుతూ, "అది గూడ నిన్ను నమ్ముత లేదే భారతీ," అని నవ్వింది. కాసేపటికి చేపింది. గిన్నె నిండింది. భారతమ్మ గిన్నెను సత్తెమ్మ చేతికి కూడా ఇవ్వకుండా కేంద్రానికి మోసింది.

వ్యానుకు పాలు పోసే వాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. అదృష్టానికి ఊరి కరెంటు ఉంది. ముందు దాని మీద పెట్టారు. భారతమ్మ మీట నొక్కింది. మిషన్ గుర్రుమంది. ఎర్ర అంకెలు వెలిగాయి.

"అయిదు మీద తొమ్మిది," అని చదివింది ఆమె. ఆరుకు ఒక్క పాయింటు తక్కువ.

తరువాత ఊరి కరెంటు తీగ పీకి ఎండ కరెంటు మీద పెట్టారు. మళ్ళీ అయిదు మీద తొమ్మిది.

ఊళ్ళో అంతవరకూ ఎవరి పాలకూ అంత తక్కువ రాలేదు. ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తరువాత అందరూ. పెంటయ్య గోడ మీది శాలువా ఫోటో వైపు చూడకుండా ఉండటానికి నేల వైపు చూశాడు.

"బావా, కేంద్రం పెట్టినోనివి, నీళ్ళు గూడ నువ్వే ముందు పెట్టినవా?" అంది భారతమ్మ.

"నీళ్ళెవరు పోసిన్రే?" సత్తెమ్మ జనాన్ని తోసుకొని ముందుకు వచ్చింది. "నీ చేతులతోని పిండితివి, నీ నెత్తి మీద తెస్తివి. నీళ్ళంట నీళ్ళు! వానలు వడ్డ కాంచి బర్రె పచ్చగడ్డి మేసి మేసి పారుకుంటున్నది. చొప్ప ముట్టదు, తవుడు ముట్టదు. ఇగ వెన్న యాడికెల్లి వస్తది, నా కండ్లల్లకెల్లి వస్తదా? నీ బర్రెలు మేస్తలేవా పచ్చగడ్డి?"

నవ్వులు ఆగిపోయాయి. భారతమ్మ చేతులకు ఇంకా గడ్డి కోసిన పచ్చ మరకలున్నాయి. పక్కనున్న అనంతమ్మ చేతులకూ ఉన్నాయి. లేత గడ్డి మేస్తే పాలు పెరుగుతాయి, వెన్న పలచబడుతుంది. పాల్మాకులలో తెలియని ఇల్లు లేదు. కానీ మునుపటి వానాకాలాల్లో మిషన్ నడిచిన పూటలెన్ని? ఎండాకాలపు అంకెనే పట్టుకొని శ్రావణ్ వానలు దాటించేవాడు. పడిపోయిన వెన్న ఎవరి కంటా పడలేదు. ఎండ పలకలు వచ్చి మిషన్‌ను రెండు పూటలా నడిపేసరికి ఉన్నదున్నట్టు కనిపించింది. అందరికీ తెలిసిన సంగతే, అయినా కంపెనీని, టేపును, టీని అనుమానించే తొందరలో ఒక్కరూ బర్రె మేతను తలుచుకోలేదు.

"మరి నీకు మునుపు ఎనిమిది ఎట్లొచ్చె బావా?" భారతమ్మ వదలలేదు.

శ్రావణ్‌కుమార్ తల వంచుకున్నాడు. అతన్ని చూపించి తప్పించుకోవచ్చు. పెంటయ్య మిషన్ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"రాలే. ఇన్నాళ్ళు నాకు కలిపి చెప్పిన్రు. మర్యాదనట. నాకు నిన్ననే తెలిసింది. ఈ పూటకెల్లి మిషన్ ఎంత చెప్తే గంతే. నాకు గూడ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు మొఖాలు చూసుకున్నారు, కొందరు క్యాన్లు ఎత్తుకొని వెళ్ళిపోయారు. సాయంత్రం రెండో పూట పరీక్షలో ఊరి కరెంటు లేదు, ఎండ కరెంటు మీదే ఆరు వచ్చింది. మరునాడు పొద్దున మూడో పూట రెండు కరెంట్ల మీదా ఒకటే అంకె. ఆ మూడు పూటలూ పెంటయ్య అంకెను ఊళ్ళో కల్లు కాంపౌండు దాకా చెప్పుకున్నారు. "పెసిడెంటుకే అయిదు మీద తొమ్మిదంట" అని నవ్వినవాళ్ళే, ఆ నవ్వు అయ్యాక, "ఆయన్నే విడిచిపెట్టనప్పుడు మిషన్‌ల మోసమేముంటది?" అని కూడా అనుకున్నారు. ఆ రెండో మాట పెంటయ్య చెవిన పడలేదు. మొదటి మాటే పడింది. ఇంట్లో నుంచి కేంద్రానికి పోయే దారిలో ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే తన గురించే అనుకున్నాడు.

ఆ సాయంత్రం రోడ్డు మీద వ్యాను హారన్ కొట్టింది. కేంద్రంలో లైటు వెలుగుతున్నది, మిషన్ ఎదురుచూస్తున్నది, శ్రావణ్ ఊరికే కూర్చున్నాడు. వ్యాను మళ్ళీ కొట్టింది. పెంటయ్య గడపలో నిలబడి రోడ్డు దిక్కు చూడకూడదనుకుంటూనే చూశాడు. అనంతమ్మ క్యాను పట్టుకొని వస్తున్నది. ఆమె వెనుక ఇంకో నలుగురు. వాళ్ళందరి వెనుక మూడు బర్రెల పాలతో భారతమ్మ.

ఆమె తిన్నగా మిషన్ దగ్గరికి పోయి శ్రావణ్‌ను కుర్చీలోంచి లేపింది.

"రేపటికెల్లి పొద్దుగాల నేను, మాపటికి అనంతమ్మ, మిషన్ కాడ కూసుంటం. పలకలు మేమే తుడుస్తం, బ్యాటరీల నీళ్ళు మేమే చూస్తం. ఆ పట్నం పిల్లను పిలిచి మాకు నేర్పుమను. నీ మీద నమ్మకముండి గాదు బావా, చెప్తున్న."

"నమ్మకు," అన్నాడు పెంటయ్య. "నమ్మితే ఇంట్ల కూసుంటవు. నమ్మకుంటెనే రోజు వస్తవు."

భారతమ్మ క్యాను మూత తీసి, పాలు కాంటా మీదికి ఎత్తింది.